మేస్త్రీ చూసిన బోర్డు

నువ్వలపేట జీడిపప్పు మిల్లులో మేస్త్రీగా పనిచేసే తవిటినాయుడికి ఎవరు ఏ సంగతి అడిగినా, తెలిసినా తెలియకపోయినా, అక్కడికక్కడే జవాబు చెప్పేసే అలవాటు ఉండేది.

మనిషి మంచివాడే. జీడి పిక్కలు కొట్టే ఆడవాళ్ళ మీద ఎప్పుడూ నోరు పారేసుకునేవాడు కాదు. ఎవరి చేతులైనా జీడి నూనె తగిలి పొక్కితే తనే ఆముదం తెచ్చి ఇచ్చేవాడు. అందుకే మిల్లులో అందరికీ ఆయనంటే గురి. రేషను కార్డులో పిల్లల పేర్లు ఎలా ఎక్కించాలి, పిల్లాడికి దగ్గు తగ్గకపోతే ఏం పట్టాలి, ఫలానా రైలు మన ఊళ్ళో ఆగుతుందా, అన్నీ ఆయన్నే అడిగేవాళ్ళు. ఆయన ఒక్క క్షణం ఆలోచించడం గానీ, కనుక్కుని చెబుతాననడం గానీ ఎవరూ చూడలేదు. చెప్పినవాటిలో సగం నిజమయ్యేవి. తప్పయిన వాటి గురించి ఎవరూ వెనక్కి వచ్చి నిలదీసేవాళ్ళు కాదు. తామే సరిగ్గా వినలేదేమో అనుకునేవాళ్ళు.

ఒకసారి పారమ్మ అనే కూలీ తన చెల్లెలి ఊరికి బస్సు ఎన్నింటికని ఆయన్ని అడిగింది. ఆయన టైము చెప్పాడు. పారమ్మ మూట నెత్తిన పెట్టుకుని చీకటి పడేదాకా రోడ్డు మీద నిలబడింది. ఆ బస్సుని వేసవిలోనే తీసేశారు.

మర్నాడు ఆవిడ వచ్చి, "ఏటి మేస్త్రీ బాబూ, లేని బస్సుకి టైము సెప్పావు?" అంది.

"ఉన్న బస్సుని తీసేస్తే అది వాళ్ళ తప్పు గానీ నాదేటి?" అన్నాడు తవిటినాయుడు.

అందరూ పగలబడి నవ్వారు. పారమ్మ కూడా నవ్వింది. బస్సు పోతే ఇంకో బస్సు వస్తుంది కాబట్టి ఎవరూ ఆ సంగతి మనసులో పెట్టుకోలేదు.

తవిటినాయుడి కూతురు ఢిల్లీశ్వరి అదే మిల్లులో పప్పుకి పొట్టు తీసే పని చేసేది. ఆమె భర్త లారీ డ్రైవరు. ఇంట్లో ఉండే రోజుల కంటే రోడ్డు మీద ఉండే రోజులే ఎక్కువ. అందుకని ఆమె కూతురు చంద్రికతో కలిసి పుట్టింట్లోనే ఉండేది. చంద్రిక అంటే తాతకి ప్రాణం. సాయంత్రం మిల్లు నుంచి రాగానే చొక్కా విప్పకముందే పిల్లని ఎత్తుకునేవాడు. ఆ పిల్లకి ఎడమ కన్ను కొంచెం ముక్కు వైపుకి తిరిగి ఉండేది. నవ్వినప్పుడు ఇంకాస్త తిరిగేది. ఇంట్లో వాళ్ళకి అది ముద్దుగానే ఉండేది.

చంద్రికని బడిలో వేసిన ఏడాదే టీచరు ఢిల్లీశ్వరిని పిలిపించింది.

"పాప పుస్తకం చూసేటప్పుడు మెడ పక్కకి వంచుతోందమ్మా. ఒకసారి కళ్ళ డాక్టరుకి చూపించండి. ఆలస్యం చెయ్యకండి," అంది.

ఢిల్లీశ్వరి సరేనంది. కానీ కళ్ళ డాక్టర్ల ఫీజులూ, అద్దాల ఖర్చులూ తలుచుకుంటే ఆమెకి ధైర్యం చాలలేదు. మిల్లులో పనిచేసే వాళ్ళందరికీ ప్రభుత్వ ఆరోగ్య బీమా కార్డు ఉండేది. ఆ కార్డు ఉంటే కొన్ని ఆసుపత్రుల్లో డబ్బు కట్టకుండానే వైద్యం చేస్తారు. అయితే అది ఏ ఆసుపత్రిలో చెల్లుతుందో, ఏ జబ్బుకి చెల్లుతుందో చాలామందికి తెలియదు. కార్డు మాత్రం ప్రతి ఇంట్లోనూ దేవుడి పటం వెనకాల భద్రంగా ఉండేది.

మర్నాడు టీ వేళకి ఆడవాళ్ళంతా మిల్లు గుమ్మం దగ్గర నీడలో కూర్చున్నారు. తవిటినాయుడు గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. ఢిల్లీశ్వరి అందరి ముందే అడిగింది.

"నాన్నా, మన చంద్రిక కన్ను డాక్టరుకి సూపించాలంట. మన కార్డు తీసుకునే కళ్ళ డాక్టరు ఈ ఊళ్ళో ఎవరైనా ఉన్నారా?"

తవిటినాయుడికి తెలియదు. చాలా ఏళ్ళ కిందట తన తల్లికి కంట్లో పొర వస్తే వైజాగ్ తీసుకెళ్ళి ఆపరేషను చేయించాడు. అప్పటికి ఈ కార్డులే లేవు. కళ్ళ డాక్టర్ల గురించి ఆయనకి తెలిసింది అంతే. కానీ పొట్టు అంటిన వేళ్ళతో గ్లాసులు పట్టుకుని ఆడవాళ్ళంతా ఆయన నోటి వైపే చూస్తున్నారు.

"కంటికి మన ఊళ్ళో కార్డు సెల్లదు," అన్నాడు ఆయన. "వైజాగ్ ఎల్లాల్సిందే. అక్కడైనా ఒక్కరోజులో పనవదు. పొద్దున్న లైనులో నిలబడితే సాయంత్రానికి రేపు రమ్మంటారు."

"అయితే ఎలా నాన్నా?"

"ఎలాగేటి? మెల్లకన్నుకి డాక్టరెందుకే పిచ్చిదానా? అది అదృష్టం. మెల్లకన్ను ఆడపిల్ల తిరిగే ఇంట్లో అన్నీ కలిసొస్తాయి. అయినా వయసు వస్తే అదే సర్దుకుంటుంది."

ఆ మాట అక్కడ చాలామంది చిన్నప్పటి నుంచీ విన్నదే. అందరూ తలలూపారు. పారమ్మ మాత్రం ఊరుకోలేదు.

"మా అత్తకీ మెల్లకన్నే బాబూ. ఆవిడకి కలిసొచ్చిన అదృష్టం ఏటంటే మా మామ!" అంది.

అందరూ నవ్వారు. ఆ మామ తాగుడు ఊరందరికీ తెలుసు. ఢిల్లీశ్వరి కూడా నవ్వేసి, గ్లాసు కడిగి పనిలోకి వెళ్ళిపోయింది.

ఆమె ఆ సంగతి మర్చిపోలేదు. వైజాగ్ ఎలాగైనా వెళ్ళాలనుకుంది. కానీ అప్పుడు పిక్కల సీజను. సీజనులో నాలుగు రోజులు మానేస్తే ఆ స్థానంలో ఇంకొకరిని పెట్టుకుంటారు. సీజను అయ్యాక భర్త వస్తే కలిసి వెళ్దామనుకుంది. భర్త వచ్చాడు. వచ్చిన రెండో రోజే యజమాని ఫోను చేస్తే మళ్ళీ లారీ ఎక్కాడు. తర్వాత వర్షాలు వచ్చాయి. పిల్లకి జ్వరం వచ్చింది. మళ్ళీ సీజను వచ్చింది. ఊళ్ళో ఇంకెవరినైనా అడుగుదామన్న ఆలోచన ఆమెకి రాలేదు. నాన్న లేదన్నాడంటే లేనట్టే.

చంద్రిక పెరిగింది. గ్లాసులో నీళ్ళు పోస్తే సగం బయట పడేవి. బడిలో బంతాట ఆడితే బంతి చేతుల మధ్యలోంచి జారిపోయేది. ఎదురుగా వచ్చేది ఎంత దూరంలో ఉందో ఆ పిల్లకి అంచనా దొరికేది కాదు. పిల్లలు ఆమెని జట్టులో చేర్చుకోవడం మానేశారు.

"నీకు బంతి వైజాగ్‌లో ఉన్నా ఒకటే, ముక్కు మీద ఉన్నా ఒకటే," అనేవాళ్ళు.

చంద్రిక ఏడుస్తూ వస్తే తాత ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "వాళ్ళకేం తెలుసే? నీది అదృష్టం కన్ను," అనేవాడు. పిల్ల కళ్ళు తుడుచుకునేది.

ఒక ఏడాది వానలు తగ్గాక, మిల్లులో కాటా పాడైతే తవిటినాయుడు దాన్ని బాగుచేయించడానికి బస్టాండు వెనక వీధికి వెళ్ళాడు. ఆయనకి ఆ వైపు పనుండేది కాదు. కాటాలు కూడా బాగుచేసే ఇనుప సామాన్ల షాపు ముందు సైకిలు ఆపి తల ఎత్తాడు. షాపు మేడ మీద ఒక పెద్ద బోర్డు ఉంది. దాని మీద 'కంటి ఆసుపత్రి' అని రాసి ఉంది. కింద తమ కార్డు మీద ఉండే గుర్తే పెద్దగా వేసి, ఆ కార్డు ఇక్కడ తీసుకుంటామని రాశారు. తవిటినాయుడికి తెలుగు చదవడం బాగా వచ్చు. రెండుసార్లు చదివాడు.

ఇనుప షాపువాడు బయటికి వచ్చాడు. "మేడ మీదికా? మెట్లు పక్కనున్నాయి," అన్నాడు.

"కాదు. ఈ ఆసుపత్రి ఈమధ్యే పెట్టారా?"

"ఈమధ్యేటి? నేను షాపు పెట్టకముందు నుంచీ ఉంది. డాక్టరమ్మ మంచిది. మా అమ్మకి కార్డు మీదే అద్దాలిచ్చింది."

తవిటినాయుడికి చెవులు వేడెక్కాయి. కాటా అక్కడ దింపేసి వెనక్కి తిరిగాడు.

అప్పుడే ఇంటికి వెళ్ళి కూతురికి చెప్పి ఉంటే కథ ఇంకోలా ఉండేది. వెళ్ళాలనే అనుకున్నాడు. సైకిలు తొక్కుతూ ఉంటే ఎర్రమ్మ గుర్తొచ్చింది. ఎర్రమ్మ కూడా మిల్లు కూలీయే. ఆయన మాట నమ్మి ఆవిడ తన ముసలి తల్లిని కంటి ఆపరేషనుకి వైజాగ్ తీసుకెళ్ళింది. అక్కడ దిక్కు తోచక ఆసుపత్రి వరండాలో నేల మీద పడుకోబెట్టింది. ఇప్పుడు ఆసుపత్రి ఊళ్ళోనే ఉందంటే ఎర్రమ్మ ఊరుకుంటుందా? పారమ్మ బస్సు సంగతి మళ్ళీ తవ్వదా? మిల్లంతా నవ్వదా? ఈసారి ఆ నవ్వు వేరుగా ఉంటుందని ఆయనకి తెలుసు.

ఇంటికి చేరాడు. ఢిల్లీశ్వరి అన్నం వడ్డించింది.

"ఏటి నాన్నా, ఇంత ఆలస్యం?"

"కాటా బాగుచేసేవాడు దొరకలేదు," అన్నాడు.

చంద్రిక పక్కన కూర్చుని పుస్తకం చదువుతోంది. మెడ భుజానికి ఆనుకునేంతగా వంచింది. తవిటినాయుడు ముద్ద చేత్తో పట్టుకుని పిల్లని చూశాడు. వారం పోయాక, ఎవరో చెబితే విన్నట్టుగా మెల్లగా చెబుదాం అనుకున్నాడు. వారం గడిచింది. పండగ వచ్చింది. పండగ పూట ఆసుపత్రి మాటెందుకనుకున్నాడు. తర్వాత పిల్లకి పరీక్షలు వచ్చాయి. రోజులు గడిచే కొద్దీ చెప్పడం తేలిక కాలేదు, ఇంకా కష్టమైంది. మొదట్లో ఒక తప్పే ఒప్పుకోవాలి. ఇప్పుడు ఎప్పుడు చూశావు, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు అని కూడా అడుగుతారు. అసలు పిల్లకి ఏమీ కాలేదు కదా, రెండో కన్ను బాగానే ఉంది కదా అని తనకి తనే చెప్పుకున్నాడు. తనకి తను చెప్పుకునే జవాబులకి కూడా ఆయన ఎప్పుడూ తడుముకోలేదు.

మరో సీజను దాటింది. చంద్రిక మూడో తరగతికి వచ్చింది.

ఒకరోజు టీ వేళకి పారమ్మ హడావుడిగా వచ్చింది. ఆవిడ అల్లుడు వెల్డింగు పని చేస్తాడు. ముందు రోజు కంట్లో ఇనుప రజను పడింది.

"బస్టాండు వెనకాల డాక్టరమ్మ సిటికెలో తీసేసిందే!" అంది పారమ్మ. "కార్డు సూపిస్తే పైసా అడగలేదు. ఓలె ఢిల్లీ, మీ గుంటని అక్కడ ఎందుకు సూపించవు?"

ఢిల్లీశ్వరి గ్లాసు కింద పెట్టింది. "కంటికా? కార్డు మీదా? మన ఊళ్ళోనా?"

"మరి సెప్తున్నదేటి?"

ఢిల్లీశ్వరి తండ్రి వైపు తిరిగింది. "నాన్నా, మన ఊళ్ళో లేదన్నావు కదా?"

తవిటినాయుడు టీ ఒక గుక్క తాగాడు. "కొత్తగా పెట్టుంటారు," అన్నాడు.

"కొత్తేటి బాబూ!" అంది పారమ్మ. "గోడల సున్నం పెచ్చులూడిపోతంటే!"

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఢిల్లీశ్వరి ఆ పూటే సెలవు పెట్టి, చంద్రికని తీసుకుని ఆ ఆసుపత్రికి బయల్దేరింది. తవిటినాయుడు వాళ్ళ వెనకాలే వెళ్ళాడు.

డాక్టరు పేరు సుభాషిణి. జుట్టు నెరిసిన మనిషి. మాట కరుకుగా ఉన్నా చెయ్యి మెత్తన. కార్డు తీసుకుని, నంబరు రాసుకుని, చంద్రికని ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టింది. ముందు ఎడమ కన్ను మూసి గోడ మీది అక్షరాలు చదవమంది. చంద్రిక చివరి వరస దాకా గడగడా చదివేసింది. తాత వైపు చూసి గర్వంగా నవ్వింది. తర్వాత డాక్టరు మంచి కన్ను మూసింది.

"ఇప్పుడు చదువు."

చంద్రిక కన్ను చికిలించింది.

"అన్నిటికంటే పైనున్న పెద్ద అక్షరం చెప్పు చాలు."

"ఏ అక్షరం? అన్నీ నీళ్ళల్లో ఉన్నట్టున్నాయి," అంది చంద్రిక.

డాక్టరు ఆ పిల్ల కుర్చీని పక్కకి తిప్పింది. "అక్కడ ఎవరున్నారు?"

చంద్రిక మెడ వంచి, ముందుకి వంగి చూసింది. "తెల్ల చొక్కా ఉంది."

"ఎవరిది?"

"తెల్లచొక్కా అంతే. దానికి మొహం లేదు."

తవిటినాయుడు ఆ పిల్లకి చేరువలోనే, చెయ్యి చాపితే అందేంత దగ్గరలో కూర్చుని ఉన్నాడు.

డాక్టరు దీపం వేసి కంట్లోకి చాలాసేపు చూసింది. తర్వాత ఢిల్లీశ్వరిని కూర్చోమంది.

"కన్నుకి జబ్బేం లేదమ్మా. కానీ అది చూడటం నేర్చుకోలేదు. చిన్నపిల్లలకి మెల్ల ఉంటే మెదడు ఆ కన్ను పంపే బొమ్మని పట్టించుకోవడం మానేస్తుంది. ఒక్క కన్నుతోనే పని కానిచ్చేస్తుంది. చిన్నతనంలోనే అద్దాలు పెట్టి, రోజూ కొంతసేపు మంచి కన్ను మీద పట్టీ వేసి ఉంటే, ఈ కన్ను చూడటం నేర్చుకునేది. బడిలో చేరిన కొత్తలోనే తెచ్చి ఉంటే ఈపాటికి రెండూ సమానంగా ఉండేవి. కిందటేడాది తెచ్చినా చాలావరకు దారికి తెచ్చేదాన్ని."

"ఇప్పుడండీ?"

"మొదలుపెడదాం. కొంత వస్తుంది. పూర్తిగా వస్తుందని మాత్రం చెప్పలేను. ఎవరూ చెప్పలేరు. ఇంతకాలం ఏం చేశారమ్మా?"

"ఇక్కడ కార్డు తీసుకుంటారని తెలీదండీ. వైజాగ్ ఎల్లాలనుకున్నాం. మెల్లకన్ను అదృష్టమని కూడా అన్నారు."

డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "రోడ్డు మీద పోయేవాళ్ళందరికీ కనబడేలా బోర్డు రాయించాను. కళ్ళు బాగున్నవాళ్ళే దాన్ని చదవరు," అంది.

మెట్లు దిగేటప్పుడు ఢిల్లీశ్వరి పిల్ల చెయ్యి పట్టుకుని ముందు నడిచింది. సగం మెట్ల మీద తవిటినాయుడు ఆగిపోయాడు.

"నేను సదివాను ఢిల్లీ," అన్నాడు.

"ఏటి సదివావు?"

"ఆ బోర్డు. కిందటేడాది. కాటా బాగుచేయించడానికి వచ్చిన రోజు."

ఢిల్లీశ్వరి వెనక్కి తిరిగింది.

"సదివి?"

"సెబుదామనే అనుకున్నాను. ఎర్రమ్మ ఏటంటుందో, మిల్లులో అందరూ ఏటనుకుంటారో అని..." ఆయన ఆగాడు.

"డాక్టరమ్మ కిందటేడాదని అంది. విన్నావా?"

"విన్నాను."

ఢిల్లీశ్వరి అరవలేదు. అరిచి ఉంటే ఆయనకి కొంచెం తేలికగా ఉండేది.

"నువ్వు ఆరోజు తెల్దని అనుంటే సరిపోను కదా నాన్నా," అంది. "తెల్దంటే నేనే కనుక్కుందును. పారమ్మనడుగుదును, టీచరునడుగుదును, బజారులో ప్రతి గుమ్మం తొక్కుదును. నాకు కాళ్ళు లేవా? నోరు లేదా? నువ్వు లేదన్నావని నేను వెతకడమే మానేశాను."

చంద్రిక ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. "అమ్మా, తాతని ఎందుకు తిడుతున్నావు?" అని అడిగింది. ఢిల్లీశ్వరి పిల్లని తీసుకుని కిందికి దిగింది.

మర్నాడు టీ వేళకి తవిటినాయుడు గ్లాసు తీసుకోలేదు. గుమ్మంలో నిలబడి, "కంటికి మన ఊళ్ళోనే కార్డు సెల్లుతుంది. బస్టాండు వెనకాల. నాకు తెలియకుండానే లేదని సెప్పాను. తెలిసాక కూడా సెప్పకుండా దాచాను," అన్నాడు.

ఎర్రమ్మ లేచి చీర దులుపుకుంది.

"మా అమ్మని ఆ సిమెంటు నేల మీద పడుకోబెట్టాను బాబూ," అంది. "సలికి వణికిపోయింది. మన ఊళ్ళో లేదు కదా, మేస్త్రీ బాబు వైజాగ్ దారైనా సూపించాడనుకుని నిన్ను దీవించుకుంది."

ఆవిడ పనిలోకి వెళ్ళిపోయింది. మిగిలినవాళ్ళూ ఒక్కొక్కరే లేచారు.

చంద్రికకి కార్డు మీదే అద్దాలు వచ్చాయి. రోజూ బడి నుంచి రాగానే మంచి కన్ను మీద పట్టీ వేసేవాళ్ళు. పట్టీ వేసిన సేపూ ఆ పిల్ల గోడలు తడుముకుంటూ తిరిగేది. విసుగొచ్చి పీకేసేది. తాత ఆ పిల్ల దగ్గర కూర్చుని, పెద్ద పెద్ద బొమ్మలు చూపించి, మళ్ళీ పట్టీ వేసేవాడు. కొన్ని నెలలకి ఆ కన్నుకి బొమ్మల అంచులు తెలిశాయి. పెద్ద అక్షరాలు తెలిశాయి. అక్కడితో చాలాకాలం ఆగిపోయింది.

ఇంట్లో గొడవలేం జరగలేదు. ఢిల్లీశ్వరి తండ్రికి ఎప్పటిలాగే వేడి నీళ్ళు పెట్టేది, అన్నం వడ్డించేది. కానీ ఏ సంగతి కావాలన్నా ఆయన్ని అడగడం మానేసింది. ఆయన ఎదురుగా ఉండగానే పక్కింటి ఆవిడని అడిగేది. మిల్లులో కూడా అంతే. ఎవరైనా ఏదైనా అడగడానికి ఆయన దాకా వచ్చి, గుర్తొచ్చి, దారి మార్చుకుని వెళ్ళిపోయేవాళ్ళు. టీ వేళలు ఆయనకి చాలా పొడుగ్గా అనిపించేవి.

ఒకరోజు ఆయన చంద్రికని కంటి పరీక్షకి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. వరండాలో బల్ల మీద కూర్చున్నారు. చంద్రిక కాళ్ళూపుతూ అడిగింది.

"తాతా, ఇంకా ఎన్నాళ్ళు పట్టీ వేసుకుంటే నా రెండు కళ్ళూ ఒకేలాగ కనబడతాయి?"

ఆ పిల్ల ఒక్కతే ఇంకా ఆయన్ని అడుగుతోంది. ఇదిగో, వచ్చే పండగకల్లా అనే మాట ఆయన నాలుక చివరి దాకా వచ్చింది. ఆ మాట అంటే పిల్ల మొహం వెలిగిపోతుంది. తవిటినాయుడు నోరు మూసుకున్నాడు.

"నాకు తెలీదు తల్లీ," అన్నాడు. "డాక్టరమ్మని అడుగుదాం."

లోపలికి వెళ్ళాక ఆయనే అడిగాడు. డాక్టరు పిల్ల ఎత్తుకి వంగి, ఆ పిల్లకే చెప్పింది.

"ఒకేలాగ రావమ్మా. ఇంకొంచెం వస్తుంది, అంతే. కుడి కన్నుని జాగ్రత్తగా చూసుకోవాలి. అదే నిన్ను నడిపిస్తుంది."

చంద్రిక సరేనంది. తన కళ్ళజోడు తనే పెట్టుకుంది. బయటికి వచ్చాక మెట్ల దగ్గర ఆగి, మొదటి మెట్టు ఎక్కడుందో కాలితో వెతుక్కుంది. తవిటినాయుడు కింది మెట్టు మీద నిలబడి చెయ్యి అందించాడు. ఆ పిల్లకి ఆ చెయ్యి అందడానికి రెండుసార్లు గాలిలో తడమాల్సి వచ్చింది.

తెలియని సంగతి తెలియదని చెబితే అడిగినవాళ్ళు ఇంకొకరిని అడిగి దారి కనుక్కుంటారు; పరువు కోసం తెలిసినట్టు చెబితే మనల్ని నమ్మినవాళ్ళు వెతకడమే మానేస్తారు, ఆ తర్వాత ఎంత పశ్చాత్తాపపడినా పోయిన కాలం తిరిగి రాదు.